అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు

ఇంజనీరు ఉద్యోగంలో కొత్తగా చేరిన చిరంజీవికి ఆశీస్సులు.

వైకల్యం అంటే ఒక మనిషి ఒంట్లో ఉన్న లోపమని చెప్పుకోవడం లోకానికి తరతరాల అలవాటు. కట్టడాలకు ప్లాన్లు గీసేవారు మాత్రం ఆ అర్థంతో సరిపెట్టుకోకూడదు. పోలియో సోకి కాలు చచ్చుబడడం ఒక సంగతి. ఆ కాలితో మండలాఫీసు మెట్లెక్కలేక, దరఖాస్తును ఇంకొకరి చేత లోపలికి పంపి, అది ఏమైందో తెలియక బయట చెట్టు కింద కూర్చోవలసి రావడం మరొక సంగతి. మొదటిదాన్ని లోపమనీ, రెండోదాన్ని వైకల్యమనీ 1976లో బ్రిటన్‌లోని వికలాంగ ఉద్యమకారులు స్పష్టంగా విడదీశారు. స్వయంగా చక్రాల కుర్చీలో తిరుగుతూ ఆచార్యుడిగా పనిచేసిన మైక్ ఆలివర్ 1983లో ఈ దృష్టికి సామాజిక నమూనా అని పేరు పెట్టారు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక, దాని వెలుగులో భారత పార్లమెంటు 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం కూడా, దీర్ఘకాలం ఉండే శారీరక, మానసిక లోపాలకు చుట్టూ ఉన్న అడ్డంకులు తోడై, మనిషి అందరితో సమానంగా సమాజంలో పాలుపంచుకోలేని స్థితినే వైకల్యంగా చూస్తాయి. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, కొత్త చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, తలసేమియాను, పార్కిన్సన్స్ వ్యాధిని, యాసిడ్ దాడి బాధితులను కూడా చేర్చింది. అంటే వైకల్యం ఎప్పుడూ కంటికి కనిపించి తీరాలన్న నియమమేమీ లేదు.

అడ్డంకి అనగానే గోడలూ మెట్లే గుర్తుకొస్తాయి గానీ, అన్నిటికంటే పాత అడ్డంకి మాటలోనే ఉంది. గుడ్డి నమ్మకం, గుడ్డెద్దు చేలో పడ్డట్టు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే పలుకుబళ్లు వింటూ పెరిగే పిల్లలకు, చూపు లేకపోవడమంటే తెలివి లేకపోవడమనే పాఠం అక్షరాభ్యాసానికి ముందే వంటబడుతుంది. ఊళ్లలో అమ్మానాన్నలు పెట్టిన పేరు మరుగునపడి, కుంటి అనో మూగ అనో పిలుపే పేరుగా మిగిలిపోయినవారు ఎందరో ఉన్నారు. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా అన్న చర్చ అవసరమైనదే అయినా, ఆ మనిషిని సొంత పేరుతో, మీరు అని పిలవడం అంతకంటే ముందు జరగవలసిన పని.

మాట తరువాత చెప్పుకోవలసింది కర్మ సిద్ధాంతాన్ని. పూర్వజన్మ పాపం వల్లనే అవిటితనం వచ్చిందని నమ్మేవారు ఒక్కసారి నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు చూడాలి. అక్కడి రాతిపొరల్లోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరిగి, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల పరిమితిని దాటిన బోరు నీళ్లే దశాబ్దాలపాటు తాగునీరైనందువల్ల, పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దల వెన్నెముకలు బిగుసుకుపోయాయి, కొందరి కాళ్లు విల్లులా వంగిపోయాయి. ఒకే బోరు నీళ్లు తాగిన ఊరు ఊరంతా గతజన్మలో ఒకే పాపం చేసిందని ఎవరూ అనలేరు. చివరికి శుద్ధిచేసిన కృష్ణా జలాలు పైపుల్లో వచ్చాయి. అప్పటికే వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కాలేదు. ఆ ఎముకల్లో కనిపించేది ఆలస్యం, ప్రజల పట్ల చూపిన అశ్రద్ధ.

ఇక చిరంజీవి చేతిలో ఉన్న ర్యాంపు పనికి వస్తే, ర్యాంపు అంటే చక్రాల కుర్చీ ఎక్కడానికి కట్టే వాలు బాట. ప్రమాణాల ప్రకారం దాని వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అంటే అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు కావాలి. కార్యాలయం అరుగు రెండున్నర అడుగుల ఎత్తుంటే బాట ముప్పై అడుగులు సాగాలి, దానికి రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలుండాలి, పైన కుర్చీ తిప్పుకోవడానికి చదునైన చోటుండాలి. చాలాచోట్ల జరిగేది వేరు: మెట్లు కట్టగా మిగిలిన ఏడెనిమిది అడుగుల్లోనే సిమెంటు పోసి నున్నగా గచ్చు చేసేస్తారు. దానిమీద ఒంటరిగా పైకి వెళ్లడం అసాధ్యం, వెనక ఇద్దరు తోయాలి. దిగేటప్పుడు కుర్చీ ముందుకు తిరగబడవచ్చు. రికార్డులో మాత్రం ర్యాంపు ఉన్నట్టే. చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెబుతూ, ఇటువంటి సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా మిగలరాదని, తప్పనిసరి నియమాలు కావాలని ఆదేశించింది. దయ ఉన్నవారు కడతారు, లేనివారు మానేస్తారు అనుకునే రోజులు అక్కడితో చెల్లిపోవాలి.

జాలి చెడ్డ గుణం కాదు, అయితే అది ఎదుటివారి ఇష్టాన్ని అడగదు. చూపులేనివారు రోడ్డు పక్కన నిలబడితే, దాటాలనుకుంటున్నారో లేదో కనుక్కోకుండా చేయి పట్టి లాక్కుపోయేవారు మంచివారే. కానీ సాయం కావాలా అని అడిగి, తమ మోచేయి అందించి, ఒక అడుగు ముందు నడవడమే సరైన పద్ధతి. చక్రాల కుర్చీలో వచ్చిన వ్యక్తిని వదిలి, వెంట వచ్చినవారిని ఈయనకేం కావాలట అని అడిగే గుమాస్తా, ఆ మనిషికి నోరున్నదన్న సంగతినే మరిచిపోతాడు.

చిరంజీవి కొలతల పుస్తకంలో (ఎం.బుక్కులో) ఈ పని వివరాలు ఎక్కించే ముందు, ఆ ఊళ్లో చక్రాల కుర్చీ వాడే ఒకరిని మర్యాదగా పిలిపించి, కొత్త ర్యాంపు మీదుగా ఎక్కి చూడమని కోరాలి. ఎవరూ తోయకుండా వారు గుమ్మం దాటి లోపలికి చేరేదాకా బిల్లు మీద సంతకం పెట్టవద్దు.