తంత్రి మీటేవారికి తంత్రం తెలియాలి

బిడ్డా! ఏ కొలువునూ ఆశ్రయించక, ఏ సినిమా కంపెనీ గడపా తొక్కక, సొంత పాటతో లోకంలోకి బయలుదేరావు. స్వతంత్రుణ్నని చెప్పుకుంటున్నావు. ముందు ఆ మాటకు అర్థం తెలుసుకో. తంత్రమంటే నడిపే పద్ధతి, ఏలుబడి. తన ఏలుబడి తన చేతిలోనే ఉన్నవాడు స్వతంత్రుడు. వీణకు తంత్రి ఎంతో వృత్తికి తంత్రం అంత. తంత్రి సడలితే పాట అపశ్రుతి అవుతుంది. తంత్రం సడలితే బతుకే అపశ్రుతి అవుతుంది. మొదటిది గురువు దగ్గర నేర్చావు. రెండోది నీకు నేర్పినవారు లేకపోబట్టే ఈ నాలుగు మాటలు.

పూర్వం గాయకుణ్ని రాజు పోషించాడు. రాజులు పోయాక జమీందారులు, వారి తర్వాత సభలు, రేడియో, సినిమా పోషించాయి. పోషకుడు మెచ్చిన పాటే పాడవలసి వచ్చినా, లెక్క చూసే భారం పాడేవాడి మీద అంతగా ఉండేది కాదు. నేడు నిన్ను శాసించేవాడు లేడు. నీ తరఫున లెక్క రాసేవాడూ లేడు. రికార్డింగు ఖర్చు, ప్రయాణం, ప్రచారం, పక్కవాద్యాలవారి సంభావన అన్నీ నీ తలమీదివే. స్వేచ్ఛతోపాటే వచ్చిన బరువు ఇది. విసుక్కోక మొయ్యి.

"ఊరికే పాడు, పేరొస్తుంది" అనేవారు ఎదురవుతారు. షామియానాకూ మైకుసెట్టుకూ భోజనాలకూ రొక్కం చెల్లించి, పాడేవాడి దగ్గరికి వచ్చేసరికి త్యాగరాజస్వామిని ఉదాహరిస్తారు. నిజమే, ఆ మహానుభావుడు తిరువయ్యారులో ఉంఛవృత్తితో జీవించాడు. అది ఆయన తనంతట తాను పట్టిన వ్రతం. నీ పేరిట పరులు సంకల్పించే ఉపవాసానికి పుణ్యం లేదు. గుడిలో మనసై ఉచితంగా పాడావా, ఆ దానం నీది. సంభావన తీసుకోవలసిన చోట మాత్రం కచేరీకి ముందే, తల ఎత్తి మాట్లాడు. వేదిక దిగాక అడిగితే అది యాచనలా వినబడుతుంది.

తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనల కథ నీకొక పాఠం. ఆయన 32 వేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. సగం కూడా మనకు దక్కలేదు. దక్కినవైనా, ఆ కుటుంబం రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరచినందుకు దక్కాయి. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వాటిని పరిష్కరించగలిగారు. అయితే ఆ రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఎన్నో కీర్తనలకు కొత్తగా స్వరం కట్టవలసి వచ్చింది. చెక్కిన సాహిత్యం నిలిచింది. చెక్కని బాణీ గాలిలో కలిసింది. అంతటివారి సొత్తుకే ఆ గతి పట్టగా, నీ నా పాటలెంత? కనుక ప్రతి పాటకూ ఒక పుట కేటాయించు. రాసినది ఎవరు, స్వరపరచినది ఎవరు, వాయించినది ఎవరు, ఎవరి వాటా ఎంత, ఏ తేదీన కుదిరింది, అన్నీ అందులో రాయి. విడుదల చేసే ప్రతి రికార్డింగుకూ ఐ.ఎస్.ఆర్.సి. అనే 12 స్థానాల గుర్తు తీసుకో. అదే నీ రాగిరేకు.

ఒప్పంద పత్రం చేతికొస్తే ఆ రోజే సంతకం పెట్టకు. ఒక రాత్రి గడవనీ. 1957 నాటి కాపీరైటు చట్టం నీకు అండ. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలంటుంది. గడువు రాయకపోతే అయిదేళ్లకని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని భావిస్తుంది. అందుకే ఎదుటివారు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాయించుకుంటారు. ఆ మాటలు కనబడిన చోట కలం ఆపి ఆలోచించు. పాట రాసినవారూ స్వరపరచినవారూ తమ రాయల్టీ వాటాను వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప ఇతరులకు ధారపోయరాదని 2012 సవరణ కట్టడి చేసింది. 1969లో పుట్టిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఆ వాటా వసూలు చేసి పంచేందుకే ఉంది. నీ రచన మీద హక్కు నీ జీవితకాలమే కాక, ఆ తర్వాత 60 ఏళ్లు నిలుస్తుంది. మనవలు తినవలసిన పంటను ఈ నెల అద్దె కోసం పచ్చిగా కోసి అమ్మకు.

ఈ చట్టం నీకెంతో పరులకూ అంతే. అనుమతి లేక మరొకరి పాటను విడుదల చేసినవాడికి, తన పాట ఎత్తుకుపోయారని వాపోయే అర్హత ఉండదు. మృదంగం వాయించినవారిని రేపు మాపు అని తిప్పేవాడు రాయల్టీ ధర్మాలు వల్లించరాదు. ముందు నీ బాకీ తీర్చు. తర్వాత నీకు రావలసింది అడుగు.

ఇక అన్నిటికంటే సూక్ష్మమైన ప్రమాదం చెబుతాను, విను. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకనే ఒక వినికిడిగా లెక్కకెక్కుతుంది. గడచిన ఏడాదిలో 1,000 సార్లయినా వినబడని పాటకు 2024 నుంచి అక్కడ రాబడి లేదు. ఈ అంకెలు తెలుసుకో, కానీ తంబురా దగ్గరికి తేకు. తెస్తే చెయ్యి దానంతటదే ఆలాపన కత్తిరిస్తుంది, పల్లవిని ముందుకు గుంజుతుంది, విరామానికి జంకుతుంది. ఆ అంకెలే సొమ్ము పోసి దొంగ వినికిళ్లు కొనమని ప్రేరేపిస్తాయి. అంకె చూసి పాట కట్టినవాడు కొత్త యజమానికి కొలువు చేస్తున్నట్టే. ఆ యజమానికి ముఖం కూడా లేదు.

పొట్టపోసుకోవడానికి సిగ్గుపడకు. పిల్లలకు పాఠం చెప్పు, పెళ్లిలో పాడు, ప్రకటనకు బాణీ కట్టు. న్యాయంగా వచ్చిన ఏ రూకా నీచం కాదు. అప్పు చేసి మాత్రం వీడియో తీయకు. అప్పులవాడి చెవికి శ్రుతి వినబడదు.

సంపాదన దేనికంటావా? బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) పాటతో గడించింది. శిథిలమై ఉన్న త్యాగరాజస్వామి సమాధి సంగతి విని, ఆ సొమ్ము వెచ్చించి 1920 దశకంలో తిరువయ్యారులో ఆలయం కట్టించింది. ఉంఛవృత్తితో బతికిన వాగ్గేయకారుడి సమాధికి గూడు కట్టినది, తన సొమ్మును తాను నిలుపుకోగలిగిన గాయని. త్యాగమూ ఆర్జనా శత్రువులు కావని ఆ ఆలయం నేటికీ సాక్ష్యం చెబుతోంది.

కనుక బిడ్డా, తెల్లవారుజామున తంబురా శ్రుతి చేసుకో. సాధన ముగిశాక లెక్కల పుస్తకం తెరువు. రెంటిలో దేన్నీ మానకు. వాటి వరస తప్పించకు.