పరభాషయు రాజనీతియు

నాయొద్ద సంస్కృతము చదివిన యొక బాలిక, నా మిత్రుని కుమార్తె, ఇంగ్లండులోని యొక విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రమును, అంతర్జాతీయ సంబంధములను, వానితోపాటు ఫ్రెంచిభాషను అభ్యసించుచున్నది. నాలుగేండ్ల చదువు, అందొక యేడు ఫ్రెంచివారి నడుమ గడపవలెను. “లోకవ్యవహారమంతయు ఇంగ్లీషున నడచుచుండగా ఈ ఫ్రెంచి యెందులకు? ఒక యేటి వ్యయము దండుగ కాదా?” యని మిత్రుడు నన్నడిగెను. సొమ్ము ఆతనిది, ప్రశ్నను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు.

నేను 1967 నాటి సంగతి చెప్పితిని. ఆ యేడు నవంబరు 22న భద్రతాసమితి అరబ్బు ఇజ్రాయేలు యుద్ధమును గూర్చి 242వ తీర్మానమును ఏకగ్రీవముగా ఆమోదించెను. యుద్ధమున ఆక్రమించిన ప్రదేశములనుండి ఇజ్రాయేలు సేనలు మరలవలెనని అందొక వాక్యము కలదు. ఇంగ్లీషు పాఠమున ‘ప్రదేశముల’కు ముందు ‘ది’ యను చిన్నమాట లేదు. కావున కొన్నిటినుండి మరలినను చాలునని ఇజ్రాయేలు పక్షమువారి వాదము. ఫ్రెంచి పాఠమున ‘దే’ యను మాట యున్నది. దానివలన ఆ ప్రదేశములన్నియు నను నర్థము వచ్చునని అరబ్బుల వాదము. నాడు ఆ నేలమీద ఆడుకొనిన బిడ్డలు తాతలైరి. తగవు తీరలేదు.

“అందులకు అనువాదకునికి జీతమిచ్చిన చాలును గదా!” యనెను మిత్రుడు. నిజమే. నా మనసులోని కారణము వేరొకటి కలదు.

ఫ్రెంచిలో మనుష్యునికిని పురుషునికిని ఒక్కటే మాట, ‘ఓమ్’. (మన ఓంకారముతో దీనికి చుట్టరికము లేదు.) 1789లో ఫ్రెంచి జాతీయసభ చాటినది ఆ ‘ఓమ్’ హక్కులను. ఆ మాట సర్వసామాన్యమనియు, అందు స్త్రీయు చేరినట్లే యనియు సమాధానము చెప్పవచ్చును. ఒలాంప్ ద గూజ్ అను రచయిత్రి ఈ సమాధానముతో తృప్తిపడక, 1791లో ఆ పత్రమును అధికరణ క్రమముననే తిరిగి వ్రాసి స్త్రీ పేరు చేర్చెను. 1848లో ఓటుహక్కు ‘సార్వజనిక’మైనదని ఫ్రెంచి ప్రభుత్వము ప్రకటించెను, ఆ సార్వజనికములో స్త్రీ లేదు. ఆమెకు 1944లో గాని ఆ హక్కు రాలేదు. తొంబదియారేండ్లు ఒక మాట అబద్ధమాడుచుండగా పండితులు దానికి వ్యాకరణము చెప్పుచుండిరి!

1948 డిసెంబరు 10న పారిస్ నగరముననే ఐక్యరాజ్యసమితి విశ్వమానవహక్కుల ప్రకటనమును అంగీకరించెను. దాని ముసాయిదాలో ఇంగ్లీషున ‘మెన్’ అని యుండగా ‘మానవులు’ అను నర్థము వచ్చు మాటను పెట్టించిన కీర్తి మన దేశ ప్రతినిధి హంసా మెహతాది. ఫ్రెంచి పాఠమునను మొదటి అధికరణమున ‘మానవులు’ అనియే యున్నది గాని, శీర్షికలో ఆ పాత ‘ఓమ్’ నేటికిని కూర్చుండియే యున్నది. తర్జుమాలో చదువువానికి ఇది కనబడదు. అనువాదకుడు మర్యాదస్థుడు, మరక తుడిచి గిన్నె నందించును.

పరభాష నేర్చిన పరులు తెలియుదురని పెద్దలందురు. ఏమో! అంతకుముందే మన మాటలయందు మనకుగల నిశ్చింత చెడునని నాకు తోచుచున్నది. దేశములకు తీర్పు చెప్పబోవువానికి ఆ చెడుట అవసరము.

మిత్రుడు సణుగుచునే సొమ్ము పంపినాడు. మొన్న ఆ బాలిక నాకొక యుత్తరము వ్రాసినది. “మాస్టారూ, పురుషార్థములు నాలుగని మాకు చెప్పితిరి. ఆ పురుషుడును ఈ ఓమును చుట్టములేనా?” పురుషశబ్దము అచ్చట స్త్రీపురుషులకు సాధారణమని నేను ఇరువదియేండ్లుగా తరగతిలో చెప్పుచున్నాను. అదియే వ్రాయబోయి, ‘ఓమ్’ విషయమునను అదే సమాధానము గదా యని జ్ఞాపకము వచ్చి కలము ఆపితిని. ఉత్తరము బల్లమీదనే యున్నది.