వాన ఆయనది, గుంట మనది

మా మావయ్య పెద్దకర్మకు వచ్చినవాళ్ళంతా ఇంచుమించు ఒకే మాటన్నారు. కష్టజీవి, భక్తిపరుడు, ఇల్లు గుట్టుగా నడుపుకున్నవాడు అని. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా వింటుంటే నాకు మనసు నిండలేదు. అలాంటి మంచి మాట ఏ మంచివాడికైనా సరిపోతుంది. మావయ్యను మావయ్యగా చేసింది వేరే ఉంది. దేవుడి పని ఎక్కడిదాకా, తన పని ఎక్కడిదాకా అన్న హద్దు ఆయనకు బాగా తెలుసు. జీవితమంతా ఆ హద్దు మీదే నడిచాడు.

ఆయనది మంగళగిరి. గుంట మగ్గం మీద 80వ నంబరు నూలుతో నిజాం అంచు చీరలు నేసేవాడు. మంగళగిరి చీరకు అందమంతా అంచులోనే. ఒళ్ళు సాదాగా ఉంటుంది. నేతలో ఎక్కడ తేడా వచ్చినా దాచడానికి బుటా ఉండదు. పడుగులో ఒక్క పోగు తెగితే చాలు, ఆయన చేయి దానంతట అదే ఆగిపోయేది. నాడె పక్కన పెట్టి, ముందుకు వంగి, అచ్చు వెనక తెగిన కొస వెతికి పట్టుకునేవాడు. దాన్ని అతికి, వేలితో ఒకసారి నిమిరి చూసుకున్నాకే మళ్ళీ నేతకు దిగేవాడు. చిన్నప్పుడు పక్కన కూర్చుని, "ఒక్క పోగేగా మావయ్యా, ఎవరు చూస్తారు?" అని అడిగాను. స్వామి చూస్తాడంటాడనుకున్నాను. "నేను చూశాగా అబ్బాయ్" అన్నాడు.

ప్రతి శనివారం పొద్దున్నే కొండెక్కేవాడు. ఆ కొండ మీద పానకాలస్వామి నోట్లో అర్చకులు శంఖంతో పానకం పోస్తారు. ఎవరు ఎంత తెచ్చినా స్వామి సగమే పుచ్చుకుని మిగతాది భక్తుడికి వదిలేస్తాడని ప్రతీతి. ఆ సగం చెంబులో పట్టుకుని ఇంటికి తెచ్చి, ముందు అత్తయ్యకు, తర్వాత పిల్లలకు పోసి, అడుగున మిగిలింది తాను తాగేవాడు. "స్వామే సగం చాలంటుంటే మనకెందుకురా యావ" అనేవాడు. పెద్ద పెద్ద మొక్కులు మొక్కడం నేను చూడలేదు. మోకాళ్ళు పట్టేసి కొండెక్కలేకపోయినప్పుడు కూడా బాధపడలేదు. దిగువ గుడికి నడిచి, 11 అంతస్తుల గాలిగోపురం కింద నుంచే దణ్ణం పెట్టుకుని వచ్చేవాడు.

వానాకాలం నేతగాడికి గడ్డుకాలం. కాళ్ళు దింపుకుని కూర్చునే గుంటలో నీళ్ళు ఊరతాయి. నూలు చెమ్మగిల్లుతుంది, మగ్గం ఆగుతుంది, దాంతోపాటు కూలీ ఆగుతుంది. అలాంటి ఒక వానలో అత్తయ్య గోడకు జారగిలబడి, "ఏంటి స్వామీ ఈ పరీక్ష?" అంది. మావయ్య చెంబుతో గుంటలో నీళ్ళు తోడుతూనే, తలెత్తకుండా, "వాన ఆయనది, గుంట మనది" అన్నాడు.

ఆ మాట గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. మనలో చాలామంది భక్తి సరిగ్గా ఈ హద్దు దగ్గరే చెడుతుంది. మనం తోడాల్సిన నీళ్ళు దేవుడు తోడాలంటాం. మన చేతుల్లో లేని వానను తలుచుకుని నిద్ర పాడుచేసుకుంటాం. మావయ్య ఈ రెండూ చేయలేదు. అందుకే ఆయన పూజలో బేరం ఉండేది కాదు, పనిలో విసుగు ఉండేది కాదు.

అలాగని అన్నీ తలరాత అనుకునే రకం కాదు. మనుషులు చేసిన అన్యాయాన్ని దేవుడి ఖాతాలో వేయడం ఆయనకు అస్సలు గిట్టేది కాదు. "కూలి రేటు రాసింది బ్రహ్మా? షావుకారేగా!" అనేవాడు. ఇంట్లో స్వామి పటం పక్కనే నిడుబ్రోలు నుంచి వచ్చిన చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య ఫొటో ఉండేది. 1991లో నూలు ధర మండిపోయి కోస్తాలో నేతగాళ్ళు ఆకలితో చచ్చిపోయిన రోజుల్లో మావయ్య కొండకు వెళ్ళడం మానలేదు, ధర్నాలకు వెళ్ళడమూ మానలేదు. ఆ రెంటి మధ్య వైరుధ్యం ఉందని ఎవరైనా అంటే ఆయనకు అర్థమయ్యేది కాదేమో.

ఇంత ఇష్టంగా నేసిన మనిషి పిల్లల్ని మాత్రం మగ్గం మీద కూర్చోనివ్వలేదు. ఎందుకని అడిగితే కండె మార్చుకుంటూ ఊరుకున్నాడు. ఆ మౌనంలో ఎంత బాధ ఉందో నేను కొలవలేను.

పెద్దకర్మ నాడు ఎవరూ అనని మాట ఒకటుంది. కండెలు చుట్టింది అత్తయ్య. ఆసు పోసింది అత్తయ్య. వంట, పిల్లలు, ముసలి అత్తగారు, అన్నీ అయ్యాక రాట్నం ముందు కూర్చునేది. కూలి లెక్క మాత్రం మావయ్య పేరునే రాసేవారు. మావయ్య ఎప్పుడూ "చీర నేశాను" అనలేదు, "నేశాం" అనేవాడు. అది ఆయన మంచితనం. కానీ ఆ మంచితనం షావుకారు పుస్తకంలోకి ఎక్కలేదు. ఆయన్ను కష్టజీవి అని తలుచుకునేటప్పుడు ఆమె కష్టాన్ని కలపకపోతే ఆ తలపు సగమే.

మంగళగిరి వెళ్ళినప్పుడు తప్పకుండా కొండెక్కండి, స్వామికి పానకం పోయించండి. దిగాక నేత వీధిలోకి ఒకసారి రండి. మగ్గం దగ్గర కాసేపు నిలబడి, రాట్నం ముందు కూర్చున్న మనిషిని కూడా పలకరించండి. చీర కొనాలనిపిస్తే బేరమాడకుండా, డబ్బు నేసినవాళ్ళ చేతికే ఇవ్వండి.