ద్రోణుడి పిండినీళ్ళు

గురువుగారు ఏ రోజున మారిపోయారో మీరు చెప్పగలరా? నేనడిగేది ద్రోణాచార్యుల గురించి.

దూరదర్శన్‌లో ‘మహాభారత్’ 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా 94 భాగాలు వచ్చింది. అమలాపురంలో మాకు హిందీ ఏం వచ్చును గనక! కథ వచ్చును, అది చాలు. కొబ్బరిచెట్లతో పోటీగా యాంటెనా లేపినా బొమ్మ నిలిచేది కాదు గానీ, ఆదివారం పొద్దున్న టీవీ ఉన్నవాళ్ళ వరండాలో చెప్పులకి చోటుండేది కాదు. ద్రోణుడి వేషం సురేంద్రపాల్‌ది. పుస్తకమైతే నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, అప్పుడలా ఉన్నవాడు ఇప్పుడిలా చేశాడేవిటని నిలదీయచ్చు. వారానికో ముక్క చూసేవాళ్ళకి అది కుదరదు. ఇంట్లో మనిషి మారినట్టే, కళ్ళెదుట ఉంటూనే మారిపోతాడు.

మొదట్లో ఎంత జాలిపడ్డామని! పిండి కలిపిన నీళ్ళు తాగి, పాలు తాగానని కొడుకు గంతులేస్తే చూడలేకపోయిన తండ్రి. చిన్ననాటి స్నేహితుడు ద్రుపదుడి గడప తొక్కి అవమానపడి వచ్చినవాడు. హస్తినలో కొలువు దొరికింది, పాలకి లోటు తీరింది. ఆ తర్వాత ఏకలవ్యుడి బొటనవేలు అడిగాడు. శిష్యులచేత ద్రుపదుణ్ణి పట్టి తెప్పించి సగం రాజ్యం పుచ్చుకున్నాడు. నిండుసభలోకి ద్రౌపదిని ఈడ్చుకొస్తే కూర్చునే ఉన్నాడు. చివరికి, తను సేనాపతిగా ఉన్న అయిదు రోజుల్లోనే పసివాడు అభిమన్యుణ్ణి అందరూ చుట్టుముట్టి చంపారు. ఆ అందరిలో ఆయనా ఉన్నాడు.

2020 లాక్‌డౌన్‌లో మళ్ళీ వేశారు కదా, మా అత్తగారూ నేనూ కలిసి చూశాం. ఆవిడది ద్రోణుడి పక్షం.

“ఉప్పు తిన్నాక ఏం చేస్తాడే పాపం! అంతా పిల్లాడి కోసమే కదుటే?” అన్నారు.

నాకు అక్కడే పేచీ. పిండినీళ్ళ నాటి ఆకలి నిజమే, కాదనను. కానీ పాలు సమృద్ధిగా దొరికాక కూడా ఆ పాత గిన్నే చూపిస్తానంటే ఎలా? కొడుకు సగం పాంచాలానికి రాజయ్యాడు, ఇంకా ఎవరి ఉప్పు? మనలో మాత్రం లేరూ, పిల్లల కోసమేనంటూ కట్నాలు లెక్కపెట్టుకునేవాళ్ళు, పక్కింట్లో కోడల్ని కొడుతుంటే పిల్లలున్న ఇల్లమ్మా అని తలుపేసుకునేవాళ్ళు? పిల్లల పేరెత్తాక ఎదురు చెప్పడం ఎవరి తరం!

“అయితే ఆ సభలో నువ్వుంటే లేచేదానివేవిటే?”

“ఆచార్యులవారు లేస్తే వెనకాల నాబోటివాళ్ళు పదిమంది లేచేవారండీ. ఆయన శిష్యుడే కదా వికర్ణుడు! నూరుగురిలో ఒక్కడు, కుర్రాడు, లేచి ఇది తప్పన్నాడు.”

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంటూ, “వాడికింకా పిల్లలు లేరేమోలే” అన్నారు.