మా చెల్లి కమ్మలు

ఏటా ఏప్రిల్ 14న మా హైస్కూల్లో మాట్లాడమని నన్నే అడుగుతారు. అక్టోబర్ 2న అడగరు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

మూడేళ్ల కిందట కూడా అట్లాగే మైకు ముందు నిలబడ్డాను. గొప్పవాళ్ల బతుకుల్లోంచి గెలుపు సూత్రాలు నేర్చుకోవాలంటూ మొదలుపెట్టాను. బస్టాండు కొట్లో అమ్మే వ్యక్తిత్వ వికాసం పుస్తకాల భాష అది. లండన్‌లో అంబేద్కర్ కడుపు మాడ్చుకుని, లైబ్రరీ మూసేదాకా చదివాడని చెప్పాను. నేనూ ఆ దారిలోనే తెల్లారగట్ల నాలుగింటికి లేచి చదివి, 2012 డీఎస్సీలో మొదటిసారికే ఉద్యోగం కొట్టానన్నాను. "నాలుగింటికి లేవండి, మీరూ పైకొస్తారు."

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచింది. "నేను మూడున్నరకే లేస్తన్నా సార్, మిరపకాయ కోతలకి" అంది. ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేనేం చెప్పానంటే, కూర్చోమన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ జీవితమంతా కోడి కూయక ముందే లేచింది. పెందలాడే లేవడమే పైకి రావడానికి కారణమైతే మా మాదిగగూడెం నిండా కలెక్టర్లే ఉండాలి. అట్లాగని నేను కష్టపడలేదా అంటే, పడ్డాను. అది అబద్ధం కాదు. కాకపోతే నేను నాలుగింటికి లేచింది పుస్తకం ముందు కూర్చోడానికి. మా చెల్లి లేచింది కూలోళ్ల ట్రాక్టరెక్కడానికి. నా పొద్దు నాకు దక్కిందంటే తన పొద్దు తను అమ్ముకోబట్టే.

అది తొమ్మిదితో బడి మానేసింది. అవనిగడ్డలో నా కోచింగు, రూము అద్దె, మెస్సు బిల్లు, అన్నీ అమ్మా అదీ కోసిన మిరపకాయల డబ్బులే. ఆఖర్న ఫీజుకి తక్కువైతే చెవి కమ్మలు తీసిచ్చింది. అవి తాకట్టులోనే పోయాయి. ఉద్యోగం వచ్చాక గూడెంలో సన్మానం చేశారు. స్వయంకృషితో ఎదిగిన బిడ్డ అని మైకులో చెబుతుంటే నేను కాదనలేదు. ఆడోళ్లలో వెనగ్గా నిలబడి చెల్లి కూడా చప్పట్లు కొట్టింది.

ధనంజయ్ కీర్ రాసిన అంబేద్కర్ జీవితచరిత్ర మళ్లీ తీశాను. కొడుకు పుస్తకం అడిగితే చేతిలో డబ్బు లేక రాంజీ పెళ్లయిన కూతుళ్ల ఇళ్లకి పోయేవాడు. వాళ్ల నగ తెచ్చి తాకట్టు పెట్టి పుస్తకం కొనేవాడు. ఇది నేను కాలేజీలో చదివిందే. అప్పుడు కన్ను దాని మీద నిలవలేదు. 1913లో ఆయన్ని కొలంబియాకి పంపింది బరోడా మహారాజు స్కాలర్‌షిప్. 1920లో మళ్లీ లండన్ పోయింది సిడెన్‌హామ్ కాలేజీ జీతంలో మిగిల్చిన డబ్బుతో, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయంతో, మిత్రుడు నవల్ భతేనా ఇచ్చిన అప్పుతో. ఆయన అక్కడ చదువుతుంటే బొంబాయిలో లేమితో సంసారం ఈదింది రమాబాయి. 1935లో ఆమె పోయింది. 1940లో వచ్చిన 'థాట్స్ ఆన్ పాకిస్తాన్'ని ఆయన ఆమె జ్ఞాపకానికే అంకితమిచ్చాడు, 'రాము' అని ఇంట్లో పిలిచే పేరు పెట్టి. దేశాన్ని గురించిన అంత పెద్ద పుస్తకం మొదట్లో ఇంటి బాకీ రాసుకున్నాడు.

నేను ఆయన దగ్గర పస్తుండి చదవడం నేర్చుకున్నాను గానీ, ఇది నేర్చుకోలేదు.

యూనియన్‌లో ఒక మిత్రుడు దీనికి ఒప్పుకోడు. "పైకొచ్చిన ప్రతివాడూ బాకీ బాకీ అంటా ఉంటే మనమెప్పుడు బతికేది? తాత ఎకరాలమ్మి చదివినోణ్ణి ఈ లెక్క ఎవడన్నా అడిగాడా?" అంటాడు. నిజమే, ఎవడూ అడగడు. వాళ్ల గెలుపు ప్రతిభ ఖాతాలో పడుతుంది, మన గెలుపు రిజర్వేషన్ ఖాతాలో పడుతుంది. అందుకే 'నా సొంత కష్టం' అని అరిచి చెప్పుకోవాలనిపిస్తుంది. ఆ ఉక్రోషం నాకూ తెలుసు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ వాళ్లకి జవాబు చెప్పే తొందరలో నేను తుడిచేసింది వాళ్ల పేరు కాదు, మా చెల్లి పేరు.

పోయిన ఏప్రిల్ 14న పిల్లల ముందు ఆ కమ్మల సంగతి చెప్పాను. ఎవరు చెప్పారో, రాత్రికల్లా చెల్లి ఫోన్ చేసింది.

"మైకులో నా పేరు చెప్పావంట గదన్నా."

"ఊ."

"సర్లే. పిల్లకి లెక్కలు బొత్తిగా రావట్లేదు. సెలవులకి నీ కాడికి పంపిస్తా, కూర్చోబెట్టి చెప్పు."