కాయకమూ అడ్డదారీ

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో స్వయంభువుగా వెలసిన శంభులింగేశ్వరస్వామికి ఏటా మహాశివరాత్రికి జాతర జరుగుతుంది; అదే నేలలోని సున్నపురాయి చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకవుతుంది. పూజా శ్రమా ఇలా పక్కపక్కన సాగే చోట ఒక ధర్మప్రశ్న సహజంగానే ఎదురవుతుంది: ఫలం ఒకటే అయినప్పుడు, దాన్ని కష్టపడి పొందడానికీ అడ్డదారిన పొందడానికీ తేడా ఏమిటి?

శైవంలో దీనికి స్పష్టమైన సమాధానం 12వ శతాబ్దపు కల్యాణ నగరంలో బసవేశ్వరుడూ ఆయనతోడి శరణులూ బోధించిన కాయకం. కాయకమంటే ఒళ్లు వంచి నిజాయితీగా చేసే జీవనవృత్తి. శరణులు, అంటే శివుణ్ణి ఆశ్రయించిన భక్తులు, దాన్నే శివపూజగా ఎంచారు. కవి పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో మడివాలు మాచయ్య, కుమ్మరి గుండయ్య వంటి వృత్తిజీవులను పరమభక్తులుగా నిలిపి ఆ దృష్టిని తెలుగువారికి అందించాడు. రాలిన బియ్యం ఏరుకోవడమే కాయకమైన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరానికి మించి తెస్తే, భార్య లక్కమ్మ ఆ బియ్యాన్ని తిరిగి అక్కడే పోసి రమ్మన్నదని శరణ సంప్రదాయం చెబుతుంది. తమ అవసరాన్ని మించినది ఇతరులదని ఆమె భావం. పతంజలి యోగసూత్రాలలో అయిదు యమాలలో ఒకటైన అస్తేయం, అంటే పరుల సొత్తు అపహరించకపోవడం, ఇక్కడ ఇంటి ధర్మమైంది.

అయితే శ్రమను తగ్గించే ప్రతి ఉపాయమూ అడ్డదారి కాదు. 1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఈ ప్రాంతపు రైతుకు ఎంతో కష్టం తప్పించింది, ఆ కష్టాన్ని పక్క రైతు మీదికి నెట్టలేదు. అదే కాలువకు పైన దొంగచాటుగా గండి కొట్టినవాడు మాత్రం చివరి ఆయకట్టు రైతు పొలాన్ని ఎండబెడతాడు. అలాగే ఇంటి స్లాబుకు కాంక్రీటు కలిపేటప్పుడు మోతాదు మించి నీరు పోస్తే పని సులువవుతుంది గానీ, ఆ మిగులు నీరు ఆరిపోయాక లోపల సన్నని రంధ్రాలు మిగిలి బలం తగ్గుతుంది. ఆ స్లాబు పైకి బాగానే కనిపించినా, దాని లోపాన్ని ఏళ్ల తరువాత భరించేది ఆ ఇంట్లో కాపురముండేవాళ్లు. కనుక అడ్డదారి శ్రమను తొలగించదు, దాన్ని కంటికి కనపడని మరొకరి నెత్తిన వేస్తుంది.

భారం ఎవరి మీద పడుతోందనే ఈ కొలతను కూలివాడికి మాత్రమే వర్తింపజేసి, కష్టపడటమే పుణ్యమని అతనికి బోధించి, తగిన కూలి ఎగ్గొట్టేవాడు కూడా అడ్డదారిన నడిచేవాడే. తన సౌఖ్యపు వెల మరొకరు చెల్లించకుండా చూసుకోవడమే కాయకధర్మం; అది లోపించిన సంపాదనను ఏ జాతరలో ఏ దేవుడికి సమర్పించినా పూజ కాదు.