పతకముల అంచున

చిరంజీవి మనుమనికి,

నీవు గోలకొండ ఫిరంగిదళ కేంద్రమునకు శిక్షణకై పోవుటకు ముందు నా పతకములను అద్దపు పటమున కూర్పించి, ఏది ఏ సాహసమునకు వచ్చినదో క్రింద వ్రాయింపదలచితివని మీ అమ్మ చెప్పినది. నీ ప్రేమకు సంతసించితిని. కాని నాయనా, వ్రాయుటకు సాహసగాథలు లేవు.

1965 నాటి రక్షా పతకము ఆ కాలమున సైన్యమున కొలువున్నవారిలో దాదాపు అందఱికిని వచ్చినది. సమర సేవా స్టారు యుద్ధరంగమున నిలిచినవారిది. 1971 నాటి పశ్చిమీ స్టారును అట్టిదే. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవమునకు ఇచ్చినదియు, తొమ్మిదేండ్ల, ఇరువదేండ్ల దీర్ఘసేవా పతకములును కాలము గడచుటచే లభించినవి. మా బ్యాటరీలో వంటవానికిని, లారీ నడపినవానికిని, నాకును ఒకే సమర సేవా స్టారు. వయసులో ఉండగా ఇది నాకు చిన్నతనముగా తోచెడిది. ఇప్పుడు పెట్టె తెఱచినప్పుడెల్ల మొదట చేతికి తీసికొనునది దానినే.

పదాతిదళమునకు ధ్వజమెట్టిదో మాకు ఫిరంగి అట్టిది. 25 పౌండ్ల గుండును విసరు ఆ ఫిరంగి చుట్టును ఆరుగురము: ఆజ్ఞాపించువాడొకడు, బ్రీచి తెఱచి మూయువాడొకడు, గురి సరిచేయువాడొకడు, నింపువాడొకడు, గుండ్లును మందును సిద్ధపఱచి అందించువారిద్దఱు. శత్రువు మాలో ఎవనికిని కనబడడు. ఎక్కడనో ముందఱ పరిశీలన స్థానమున నక్కియున్న అధికారి వైర్‌లెస్‌లో పలికిన అంకెలే మాకు కన్నులు.

1962లో నెలకొన్న ఆ గోలకొండ కేంద్రమున మఱుసటియేడే చేరినవాడను గనుక, పంజాబు సరిహద్దున ఫిరంగి ప్రక్క మోకరించు నాటికి నేను పసివాడనే. నిద్రలేని మూడవరాత్రి గడచిన తెల్లవారుజామున, విన్న అంకెను బిగ్గరగా తిరిగి పలుకవలెనన్న నియమమును మఱచి, గురిని ఒక్క డిగ్రీ తప్పించితిని. ఒక్క డిగ్రీయేకదా అందువేమో! 10,000 గజముల దూరమున గుండు సుమారు 175 గజములు ప్రక్కకు పోవును. ఆ ప్రక్కన కందకములలో మనవారే ఉండిరి. చెప్పినచో తలవంపు, చెప్పకున్నచో ఆ క్షణమున నా తప్పు ఎవరికిని తెలియదు. ఒకింత తటపటాయించి, ఆగుడని కేకవేసితిని. మా హవల్దారు "ఠీక్ కరో" అని మాత్రము అనెను. ఆనాటి సాయంకాలము తన వంతు తేనీటిని నా చేతికిచ్చి, ఏమియు మాటాడక వెడలిపోయెను.

నీచేత గోలకొండలో అట్టి అంకెలను వందలసార్లు తిరిగి పలికింతురు. విసుగుకొనకుము, నాయనా. తప్పు దొరలినప్పుడు ఇతరులు కనిపెట్టుదురో లేదో అని చూడకుము. ఊపిరి తీయునంతలో నోరు విప్పుము. నేను తటపటాయించిన ఆ క్షణము ఇప్పటికిని నన్ను బాధించుచున్నది.

పతకముల అంచున నా నంబరును, నా పేరును మాత్రమే ఉన్నవి. పటము కట్టించియే తీరుదువేని ఆరుగురి పేర్లును వ్రాయింపుము. వేఱొక కాగితమున పంపుచున్నాను. గుండ్లనందించిన ఒకనిని మేమందఱము తంబీ అనియే పిలుచుటచే, అసలు పేరు ఎంత తలచినను స్ఫురించుట లేదు. అచ్చోట తంబీ అనియే వ్రాయింపుము.

ఇట్లు,
నీ తాతయ్య